సినిమా చూసి వెళ్లిన ఊరు

రాబర్ట్ ఆల్ట్‌మన్ లెక్క ప్రకారం నాష్‌విల్‌లో విమానం దిగాలి. బ్యాండు మేళం, కర్రలు గిరగిరా తిప్పే ఆడపిల్లలు, టీవీ వాళ్లు, కాలిన గాయాలకు వైద్యం చేయించుకుని తిరిగొస్తున్న గాయని కోసం మెడలు సాచి చూసే జనం. ఆల్ట్‌మన్ తీసిన 'నాష్‌విల్' సినిమాలో పాత్రలు చాలావరకు మొదటిసారి ఒకచోట పోగయ్యేది ఎయిర్‌పోర్టులోనే. ఇప్పుడున్న టెర్మినల్ 1987లో వచ్చింది కాబట్టి ఆ ముచ్చట ఎలాగూ తీరదు. పైగా మా అమ్మాయి ఉండేది అట్లాంటా శివార్లలో. నాలుగు గంటల దారికి విమానమెందుకని కారెక్కాం.

చట్టనూగా దాటిన కాసేపటికి ఫోన్‌లో టైము గంట వెనక్కి జరిగింది. టెనసీ రాష్ట్రం తూర్పు భాగానికి ఒక టైము, మిగతా భాగానికి ఇంకో టైము. "ఊరికే గంట కలిసొచ్చింది మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. ఆ కలిసొచ్చిన గంటలో చాలాభాగం నాష్‌విల్ పొలిమేరల్లో ట్రాఫిక్ తినేసింది. అతను స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తూ విసుక్కుంటున్నాడు. నాకు మాత్రం లోపల సంబరంగా ఉంది. సినిమాలో ఎయిర్‌పోర్టు తర్వాత వచ్చేది ఇదే మరి. హైవే మీద కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని, దారి మొత్తం స్తంభించిపోయి, ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్లంతా కార్లు దిగి కబుర్లలో పడతారు. ఈ సంగతి పైకి చెబితే అమ్మాయి, "నాన్నా, నువ్వు ఊరు చూడ్డానికొచ్చావా, సినిమా చూడ్డానికొచ్చావా?" అంది. ముందు రోజు రాత్రి ఇద్దరినీ కూచోబెట్టి ఆ సినిమా చూపించాను. అల్లుడు మధ్యలో నిద్రపోయాడు. అమ్మాయి చివరిదాకా చూసి, చివర్లో ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకుంది. ఆ సినిమాకు అది మంచి గుర్తే.

చూడని వాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. 1975లో వచ్చిన ఈ సినిమాలో కథానాయకుడు లేడు. ఇరవై నాలుగు ముఖ్యపాత్రలు, అయిదు రోజులు, రెండు గంటల నలభై నిమిషాలు. కంట్రీ సంగీతానికి రాజధాని అయిన నాష్‌విల్‌లో ఒక రాజకీయ సభ జరగబోతోంది. ఆ సభకు పాటగాళ్లను కుదర్చడానికి కాలిఫోర్నియా నుంచి ఒక నాజూకు మనిషి దిగుతాడు. అతను ఒక్కొక్కరికీ ఒక్కో ఎర వేస్తుంటాడు. అందరి కథలూ ఆ సభ దగ్గరే కలుస్తాయి. మన 'వేదం' చూసినవాళ్లకు ఈ అల్లిక కొత్త కాదు. కాకపోతే 'వేదం'లో ఒక్కో కథను విడిగా పట్టుకోవచ్చు. ఇక్కడ పట్టుకుందామనుకునేలోపు కెమెరా ఇంకొకరి వెనక వెళ్లిపోతుంది.

సినిమా మొదలుపెట్టేముందు ఆల్ట్‌మన్ రచయిత్రి జోన్ ట్యూక్స్‌బరీని నాష్‌విల్ పంపించాడు. వెళ్లు, తిరుగు, చూసింది డైరీలో రాసుకురా అన్నాడు. ఆ డైరీ లోంచే స్క్రిప్టు పుట్టింది. ఆమె కూడా నాలాగే బయటి మనిషి, చేతిలో నోటు పుస్తకం. మరి సినిమాలో అందరికన్నా ఎక్కువ ఏడిపించింది ఎవరినంటారా? నోటికీ మైకుకూ విరామం లేకుండా ఊరంతా తిరిగే ఓపల్ అనే విదేశీ జర్నలిస్టుని. బీబీసీ నుంచి వచ్చానంటుంది. జెరాల్డిన్ చాప్లిన్ వేసిందా పాత్ర. పాత కార్ల గుట్టల మధ్యా, వరసగా నిలిపిన స్కూలు బస్సుల మధ్యా ఒంటరిగా నడుస్తూ, వాటికి లేని అర్థాలన్నీ అంటగడుతూ టేపు రికార్డరులో వాగుతూ ఉంటుంది. యాత్రలు రాసేవాళ్లు ఆ రెండు సీన్లూ తప్పకుండా చూడాలి.

మొదట వెళ్లింది కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి. పాత వాయిద్యాలూ చేతిరాత పాటలూ చూడాలంటే ఒక పూట చాలదు. నేను మాత్రం ఒక కారు దగ్గర అతుక్కుపోయాను. 1962 మోడల్ పాంటియాక్ బానవిల్, గాయకుడు వెబ్ పియర్స్‌ది. కారు ముందు ఎద్దు కొమ్ములు. సీట్ల మధ్య గుర్రపు జీను. లోపలంతా వెండి డాలర్లు పొదిగారు. తలుపుల పిడులు చూస్తే అవి పిస్తోళ్లు! దాన్ని ఇలా తయారుచేసినవాడు నూడీ కోన్ అనే దర్జీ. కంట్రీ గాయకులు వేసుకునే రాళ్లూ అల్లికపనీ మెరిసే కోట్లు కుట్టి పేరు తెచ్చుకున్నాడు. అక్కడికి దగ్గర్లోనే ఎల్విస్ ప్రెస్లీ బంగారు కాడిలాక్.

ఆ కారు ముందు నిలబడ్డాక సినిమా గురించి ఒక పాత అనుమానం తీరిపోయింది. అందులో హేవెన్ హామిల్టన్ అని ఒక పెద్ద గాయకుడుంటాడు. పొట్టి మనిషి, విగ్గు, తెల్లటి కోటు మీద రంగుల కుట్టుపని, నోరు తెరిస్తే దేశభక్తి. హెన్రీ గిబ్సన్ నటించాడు. సినిమా మొదట్లోనే స్టూడియోలో అమెరికా రెండువందల ఏళ్ల ఘనత గురించి ఒక పాట రికార్డు చేస్తుంటాడు. పియానో వాయించే కుర్రాడి జుట్టు పొడుగ్గా ఉందని, ముందు క్రాపు చేయించుకో అని తిట్టి పంపించేస్తాడు. ఇంత అతి ఎక్కడైనా ఉంటుందా అనుకునేవాణ్ని. పిస్తోలు పిడి పట్టుకుని కారు తలుపు తెరిచే ఊళ్లో అది అతి కాదు. ఆల్ట్‌మన్ ఎగతాళి కోసం కల్పించింది బహు తక్కువ. ఉన్నదాన్ని పక్కకి తొలగకుండా చూపించాడు, అంతే. నాష్‌విల్‌లో ఉన్నంతసేపూ ఈ మాటకు సాక్ష్యాలు దొరుకుతూనే ఉన్నాయి.

రైమన్ ఆడిటోరియం చూడండి. 1892లో మతప్రచార సభల కోసం కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ఇప్పటికీ కూచునేవి చర్చి బల్లలే, కిటికీలకు రంగుటద్దాలే. అందులో 1943 నుంచి 1974 దాకా శనివారం రాత్రుల 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' జరిగింది. ఓప్రీ 1925లో రేడియో కార్యక్రమంగా పుట్టింది. ఆ రేడియో స్టేషను ఒక బీమా కంపెనీది. డబ్ల్యూఎస్ఎమ్ అన్న పేరు కూడా లక్షలమందికి అండగా ఉంటామనే ఆ కంపెనీ నినాదానికి పొడి అక్షరాలే. పల్లె మనుషుల గుండె గోడును గాలిలోకి పంపిన స్టేషను పేరులోనే పాలసీ ప్రకటన ఉందన్నమాట. చర్చి బల్లల మీద కూచుని, తాగుడూ విడాకులూ జైలూ గురించిన పాటలకు జనం కన్నీళ్లు పెట్టుకోవడం, మధ్యమధ్య సరుకుల ప్రకటనలు వినడం! సినిమా టైటిల్స్ గుర్తొచ్చాయి. టీవీలో పాటల రికార్డులు అమ్మే ప్రకటనలాగా నటుల పేర్లను ఒకడు గుక్క తిప్పుకోకుండా అరుస్తూ చదివేస్తాడు. ఆ అరుపు తగ్గగానే వచ్చేది ఎన్నికల వ్యాను.

ఓప్రీని రైమన్ నుంచి ఊరిబయట కట్టిన కొత్త హాలుకు మార్చింది 1974 మార్చి 16న. ప్రారంభోత్సవానికి అధ్యక్షుడు నిక్సన్ వచ్చాడు. వాటర్‌గేట్ పీకల మీదికి వచ్చిన రోజులవి. స్టేజీ మీద పియానో వాయించాడు, గాయకుడు రాయ్ ఏకఫ్ దగ్గర యోయో తిప్పడం నేర్చుకున్నాడు. ఆగస్టులో రాజీనామా చేశాడు. ఆల్ట్‌మన్ నాష్‌విల్‌లో షూటింగు చేసింది ఆ వేసవిలోనే, ఓప్రీ సీను తీసింది ఆ కొత్త హాలులోనే. ఇంతకీ హాలు మారేటప్పుడు రైమన్ వేదిక లోంచి ఆరడుగుల వెడల్పున గుండ్రంగా చెక్కను కోసి తెచ్చి, కొత్త వేదిక మధ్యలో పొదిగారు. గాయకులు ఆ వలయంలో నిలబడి పాడటం గొప్పగా భావిస్తారు. 2010 వరదలో హాలులోకి నీళ్లొచ్చి వలయం మునిగితే ఆరబెట్టి బాగుచేసి మళ్లీ అమర్చారు. దీన్ని ఎగతాళి చేయాలని నాకనిపించలేదు. ఆల్ట్‌మన్ దగ్గర ఉన్న చిక్కే ఇది. నవ్వుదామని చూస్తుంటే ఎక్కడో గొంతు పట్టుకుంటుంది.

మధ్యాహ్నానికి బ్రాడ్‌వే వీధిలోకి వచ్చాం. రెండువైపులా బార్లు. అన్ని తలుపులూ కిటికీలూ బార్లా తెరిచే ఉంటాయి, ప్రతి దాంట్లోనూ బ్యాండు వాయిస్తూనే ఉంటుంది. ఊదారంగు గోడల టూట్సీస్ లాంటి పాత కొట్లు కొన్ని, పెద్ద గాయకుల పేర్లు తగిలించుకున్న అంతస్తుల బార్లు ఎన్నో. నడివీధిలో పెళ్లికూతురి స్నేహితురాళ్లు తాగుతూ తొక్కుకుంటూ పోయే సైకిలు బళ్లు. ఒక తలుపు లోంచి ఫిడేలు, పక్క తలుపు లోంచి డ్రమ్ములు, మేడ మీది నుంచి ఇంకేదో. తిరునాళ్లలో నాలుగు మైకులు ఒకేసారి మోగినట్టు. అల్లుడు చెవులు మూసుకున్నాడు. నేను ఆగి నిలబడ్డాను. కాసేపటికి చెవి దానంతటదే ఒక పాటను ఏరుకుంది. రెండడుగులు వేస్తే ఇంకొకటి.

ఈ సినిమాలో శబ్దం పనిచేసేది కూడా ఇలాగే. అప్పటిదాకా హాలీవుడ్‌లో మామూలుగా ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోళ్లు మూసుకునేవారు. ఆల్ట్‌మన్ నటులకు విడివిడిగా మైకులు తగిలించి, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద ఎవరి గొంతు వాళ్లదిగా రికార్డు చేయించి, ఏది ఎంత వినపడాలో తర్వాత తేల్చుకున్నాడు. అందుకే ఒక్కో సీనులో ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు సబ్‌టైటిల్స్ ఉన్నా తల తిరిగింది. టెక్నిక్కు కోసం చేసిన గారడీ అనుకున్నాను. కాదు, అది ఆ వీధి.

ఒక బార్‌లో పదిమంది కూడా లేరు. పాడుతున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. గొంతు బాగుంది, గిటారు పట్టుకున్న తీరులో అలసట. ఈ బార్లలో పాడేవాళ్లకు ముఖ్యమైన రాబడి టిప్పులే. పాట కాగానే బకెట్టు తిరుగుతుంది. బకెట్టు మా ముందుకొచ్చినప్పుడు నేను నోటుతోపాటు ఒక ప్రశ్న కూడా వేయబోయాను, ఎక్కణ్నుంచి వచ్చావమ్మా అని. మా అమ్మాయి నా మోచేయి పట్టుకుని, "నాన్నా, ఓపల్!" అంది. నోరు మూసుకుని నోటు వేశాను.

సినిమాలో ఇలాంటి ఆశాజీవులు ఇద్దరున్నారు. ఒకామె అల్బకర్కీ అని పేరు పెట్టుకుని, మొగుణ్ని వదిలి పారిపోయి, చిరిగిన మేజోళ్లతో వీధుల వెంట తిరుగుతుంది. ఆమె ఎలా పాడుతుందో మనకు చివరిదాకా తెలియదు. అవకాశం దొరికినా కార్ల పందేల హోరులో మాట వినపడదు. రెండో ఆమె స్యూలీన్. విమానాశ్రయం హోటల్లో వెయిట్రస్, అందగత్తె, ఒక్క స్వరం సరిగా పలకదు. గ్వెన్ వెల్స్ చేసింది. మగవాళ్ల విరాళాల విందులో పాడమని పిలిచి, పాట విని వెక్కిరించి, బట్టలు విప్పమంటారు. విప్పితే పెద్ద గాయని పక్కన సభలో పాడనిస్తామంటారు. విప్పుతుంది. ఆ సీనులో ఎవరూ దుర్మార్గుడిలా కనపడరు, అదే భరించలేం. వ్యంగ్య చిత్రమని పేరుపడ్డ సినిమాలో నాకు నవ్వు పూర్తిగా ఆగిపోయిన చోటు అది. ఆ తర్వాత ఒక స్నేహితుడు మొహమ్మీదే చెబుతాడు, నీకు పాట రాదు, ఈ ఊరు నిన్ను నమిలేస్తుంది, వెళ్లిపోదాం రా అని. ఆమె ససేమిరా అంటుంది.

ఎలిస్టన్ ప్లేస్‌లో 'ఎగ్జిట్ ఇన్' ఉంది, 1971లో పెట్టిన క్లబ్బు. కీత్ కారడైన్ గిటారుతో 'ఐయామ్ ఈజీ' పాడే సీను అక్కడిదే. కూచున్న నలుగురు ఆడవాళ్లు ఎవరికి వాళ్లు ఆ పాట తమకోసమే అనుకుంటారు. అతను చూసేది అందరికన్నా వెనక కూచున్న లిలీ టామ్లిన్ వైపు. ఆమె ఇద్దరు చెవిటి పిల్లల తల్లి, చర్చి గాయని. కెమెరా మెల్లగా ఆమె ముఖం దగ్గరికి వెళ్లి ఆగిపోతుంది. ఆమె ఏమీ చేయదు, ఊరికే వింటుంది. ఒక మనిషి పాట వినడాన్ని ఇంతకంటే బాగా తీసినవాళ్లను నేనెరగను. మేం వెళ్లింది పగలు కావడంతో తలుపులు వేసి ఉన్నాయి.

సాయంత్రం ఫ్రాంక్లిన్ వైపు ఉంటున్న మావాళ్లింట్లో భోజనం. ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చి స్థిరపడ్డవాళ్లు. "బ్రాడ్‌వేకి చుట్టాలొస్తేనే వెళతాం అంకుల్" అన్నాడాయన. పండగలకూ పబ్బాలకూ గణేశుడి గుడికి వెళతారట. సినిమా సంగతి వాళ్లకు తెలియదు. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో ఊరివాళ్లకే అది చాలావరకు రుచించలేదు. తమను వెక్కిరించాడన్న బాధ సరే, పాటలు మా రచయితలతో రాయించుకోకుండా నటులతోనే రాయించుకుంటాడా అన్న అలక కూడా ఉండేది. నిజమే, రోనీ బ్లేక్లీ, కారడైన్, గిబ్సన్ లాంటివాళ్లు తమ పాటలు తామే కట్టుకున్నారు. హామిల్టన్ పాట వింటే నవ్వొస్తుంది, నాలుగు రోజులు బుర్రలోంచి పోదు. మొదట్లో ఎయిర్‌పోర్టులో దిగిన ఆ గాయని బార్బరా జీన్ పాత్రలో బ్లేక్లీ పాడినవి వెక్కిరింపు పాటలు కానే కావు, నికార్సయిన పాటలు. వేదిక మీద ఆమె పాట ఆపి చిన్ననాటి కబుర్లలోకి జారిపోయి, మనసు చెదిరిపోయే సీనులో మాటలు కూడా బ్లేక్లీ రాసుకున్నవే. ఆల్ట్‌మన్ పాటను సగంలో కోయడు. సినిమాలో దాదాపు గంటసేపు పాటలే. పాటంటే చులకన ఉన్నవాడు అంతసేపు విననిస్తాడా?

మర్నాడు పొద్దున్నే సెంటెనియల్ పార్కుకు వెళ్లాం. నేను ఇంత దూరం వచ్చింది దీనికోసమే.

ఏథెన్సులోని పార్థినాన్‌కు పూర్తి పరిమాణంలో నకలు ఇది. నాష్‌విల్‌కు 'దక్షిణాది ఏథెన్స్' అని పేరు. 1897లో టెనసీ రాష్ట్ర శతాబ్ది ప్రదర్శన కోసం తాత్కాలికంగా కట్టారు. ప్రదర్శన అయ్యాక కూల్చడానికి ఊరివాళ్లకు మనసొప్పలేదు. 1920లలో కాంక్రీటుతో మళ్లీ కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. చలువరాతి తెలుపు ఊహించుకుని వెళితే కుదరదు, గోధుమ ఛాయలో గులకరాళ్లు తేలిన కాంక్రీటు. లోపల నలభై అడుగులు దాటిన ఎథీనా విగ్రహం ఉంది, బంగారు పూత. 1990లో ఆలన్ లెక్వైర్ చేశాడు. సినిమా తీసేనాటికి దేవత లేదు, గుడి మాత్రమే. ప్రజాస్వామ్యం పుట్టిన నగరం గుడికి కాంక్రీటు నకలు, లోపల ఖాళీ, స్తంభాల మధ్య పెద్ద అమెరికా జెండా, దానికింద ఓట్ల సభ. సెట్టు వేయమంటే ఏ కళాదర్శకుడికైనా ఇంత తట్టేదా?

సినిమాలో ఆ సభ జరిగేది హాల్ ఫిలిప్ వాకర్ అనే నాయకుడి కోసం. కొత్తగా పెట్టిన పార్టీ, అధ్యక్ష పదవికి పోటీ. లాయర్లను కాంగ్రెసు నుంచి తరిమేయాలంటాడు, చర్చిలకు పన్ను వేయాలంటాడు, జాతీయగీతం మార్చాలంటాడు. సినిమా మొత్తంలో అతను ఒక్కసారీ కనపడడు. మైకు కట్టిన వ్యాను ఊరంతా తిరుగుతూ అతని గొంతు వినిపిస్తుంటుంది, ఎవరూ చెవినపెట్టరు. మెట్ల మీద కూచుని ఇది చెబుతుంటే అల్లుడు మొదటిసారి ఆసక్తిగా విన్నాడు. 1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టి, షెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకుని రాష్ట్రమంతా తిరిగింది మా తరం కళ్లారా చూసింది. మరుసటి ఏడాది జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. అక్కడ ముఖం లేని గొంతుకు పాటగాళ్ల ముఖాలు అరువు కావాలి. మన దగ్గర ముఖమే ముందు వచ్చింది. వేదికా, అభిమానమూ, ఓటూ ఒకదాంట్లోకి ఒకటి ఎలా ప్రవహిస్తాయో తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ సినిమా మనకు తేలిగ్గా అందేది అందుకే.

చివర ఏమవుతుందో చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని, చెప్పకపోతే ఆ మెట్ల మీద ఎందుకు కూచున్నానో అర్థం కాదు. బార్బరా జీన్ వేదిక మీద ఉండగా ఫిడేలు పెట్టె మోసుకు తిరిగే ఒక మెతక కుర్రాడు పెట్టె తెరిచి తుపాకీ తీస్తాడు. ఆమె పడిపోతుంది. హామిల్టన్‌కూ గాయమవుతుంది. అయినా ఇది డల్లాస్ కాదు, నాష్‌విల్ అని జనాన్ని సముదాయించి, ఎవరో ఒకరు పాడండని మైకు అందిస్తాడు. ఇన్నాళ్లూ నవ్వులాటగా చూసిన ఆ మనిషికి అప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది. మైకు అల్బకర్కీ చేతికొస్తుంది. ఇన్నాళ్లకు నోరు విప్పుతుంది, అద్భుతంగా పాడుతుంది. నాకేం దిగులు లేదన్న అర్థం వచ్చే పాట. వెనక చర్చి బృందం అందుకుంటుంది, తర్వాత జనమంతా అందుకుంటారు. స్యూలీన్ ఒక పక్కన నిలబడి ఉంటుంది, ఆమెకు ఇస్తామన్న పాట ఎప్పటికీ రాదు. అది జనం ధైర్యమా, మొద్దుబారిన తనమా? ఆల్ట్‌మన్ తేల్చలేదు. నేను మాత్రం ఈ యాత్రలో తేల్చుకున్నాను, రెండూనూ. ముందురోజు బార్‌లో పదిమంది ముందు పాడిన ఆ అమ్మాయి గొంతులోనూ రెండూ ఉన్నాయి.

1980 డిసెంబరులో జాన్ లెనన్‌ను అభిమానే కాల్చి చంపినప్పుడు, ఇలాంటివి సినిమాలో చూపించినందుకు బాధ్యత మీకు లేదా అని ఒక విలేకరి ఫోన్ చేసి అడిగితే, హెచ్చరిక విననందుకు మీకు లేదా అని ఆల్ట్‌మన్ ఎదురడిగాడు. 

నాష్‌విల్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ముందు సినిమా చూడండి. మొదటిసారి పేర్లు గుర్తుపెట్టుకునే తాపత్రయం వద్దు, ఎవరో ఒకరి వెంట పడండి చాలు. రెండోసారి చూసేటప్పుడు మిగతావాళ్లు దొరుకుతారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1992లో దీన్ని భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చింది. ఆస్కార్లకు అయిదు నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, సహాయనటిగా టామ్లిన్‌కూ బ్లేక్లీకీ చెరొకటి, ఇంకొకటి పాటకు. నాష్‌విల్ పెద్దలు పాటలు బాగాలేవన్న ఆ సినిమాకు చివరికి దక్కిన ఒకే ఒక్క ఆస్కార్ పాటకే.